ఫిజిక్స్ క్లాసుకు ముందు పంపే వీడియో పాఠం ఎలా తయారుచేయాలి

వీడియో కన్నా ముందు ప్రశ్న రాసుకోండి. చూసినవాళ్లకు ఏం అర్థమైందో క్లాసు మొదలయ్యేలోపు మీకు తెలియకపోతే, ఎంత అందమైన వీడియో అయినా దండగే.

పైకి విసిరిన బంతినే తీసుకుందాం. అన్నిటికన్నా ఎత్తులో ఉన్న క్షణంలో దాని త్వరణం (వేగం మారే రేటు) ఎంత? వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నానే అనేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఆ తప్పును వీడియోలో ముందు ఎవరితోనైనా అనిపించి, తర్వాత విప్పి చూపండి. సరైన వివరణ ఒక్కటే సాఫీగా చెప్పుకుపోతే, "ఇది నాకు తెలిసిందే" అనుకుని పాత అభిప్రాయంతోనే బయటపడతారు. ఫిజిక్స్ వీడియో పాఠాల మీద డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ యూనివర్సిటీకి సమర్పించిన పీహెచ్‌డీ పరిశోధనలో తేలింది ఇదే.

బంతిని సెకనుకు 9.8 మీటర్ల వేగంతో విసిరినట్టు యానిమేషన్ చేయండి (గాలి నిరోధం లేదనుకుని). ఒక సెకనుకు వేగం సున్నా, ఎత్తు 4.9 మీటర్లు. బంతి కదులుతుండగానే పక్కన వేగం-కాలం గ్రాఫు కూడా సాగాలి. గీత సున్నాను తాకగానే వీడియో ఆపి ప్రశ్న అడగండి. జవాబిచ్చాకే గీత ముందుకు కదలాలి: సున్నా దాటినా దాని వాలు, అంటే త్వరణం, మారలేదని అప్పుడు కంటికే కనిపిస్తుంది.

ఒక్కో ముక్క 5 నిమిషాలు మించకూడదు, అలాంటివి మూడు చాలు. మాట వినిపిస్తుంటే అదే వాక్యాన్ని తెర మీద రాయకండి; చదవాలా, బొమ్మ చూడాలా అని కళ్లు తికమకపడతాయి. అక్షరాలు ఫోన్‌లో కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి, కంప్యూటర్‌లో చూసి సరిపెట్టుకోవద్దు.

చివర్లో "ఎందుకు?" అని రెండు వాక్యాల్లో రాయించండి. ఆప్షన్లు మాత్రమే ఇస్తే వీడియో చూడకుండానే టిక్కు పెట్టేస్తారు. గడువు ముందురోజు రాత్రి. మార్కులు రాసినందుకే ఇవ్వండి, సరిగ్గా రాసినందుకు కాదు. తప్పు జవాబు దాచకుండా బయటికి రావాలి కదా.

పొద్దున అన్నీ చదవక్కర్లేదు, ఇరవై చాలు. ఒకే తప్పు పదే పదే కనిపిస్తే, పేరు చెప్పకుండా ఒక జవాబును బోర్డు మీద రాసి క్లాసు అక్కడే మొదలుపెట్టండి. చూడనివాళ్ల కోసం వీడియో మొత్తాన్ని మళ్లీ చెప్పారో, చూసేవాళ్లూ మానేస్తారు.