గోడ కొక్కెం మీ చేత్తో కొట్టి, తుప్పు పట్టకుండా మైనం పట్టించడం ఎలా?

కొలిమి పెట్టుకోగానే అందరికీ ముందు కత్తి చేయాలనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ నా మాట విని కొక్కెంతో మొదలుపెట్టండి. చొక్కానో సంచినో తగిలించుకునే గోడ కొక్కెం ఒక్కదానిలోనే మొన తీయడం, వంచడం, మెలి తిప్పడం, చదును చేయడం, చిల్లి వేయడం అన్నీ వచ్చేస్తాయి, చెడిపోయినా పోయేది జానెడు కడ్డీ. ఇంకో సంగతి, నేను విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటాను, నేను చేసిన మొదటి కొక్కెం ఎంత ముద్దుగా వచ్చిందో, ఒక్క వానాకాలం తిరిగేసరికి గోడ మీద ఎర్రటి చారలు కార్చింది. కొట్టడం మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా చివరి పని మీద పెట్టలేదు మరి. అందుకే ఇక్కడ కొట్టడం గురించి ఎంత చెబుతానో, కొట్టాక చేయాల్సిన దాని గురించి అంతే చెబుతాను.

ముందు ఇనుము సంగతి

కావాల్సింది 10 మిల్లీమీటర్ల చదరపు ఎంఎస్ కడ్డీ, అంటే కిటికీ గ్రిల్స్ చేసేవాళ్లు వాడే మామూలు మెత్తటి ఇనుము. గ్రిల్ షాపులో అడిగితే ముక్కలు ఇస్తారు. మీటరు సుమారు 785 గ్రాములు తూగుతుంది. 60 సెంటీమీటర్ల ముక్క తీసుకోండి, కొక్కేనికి అందులో కొంచెమే పడుతుంది గానీ కడ్డీ పొడవుగా ఉంటే రెండో కొస చల్లగా ఉంటుంది, చేత్తోనే పట్టుకుని పని చేయొచ్చు, పట్టకారుతో కుస్తీ పట్టక్కర్లేదు. కొత్తవాళ్లకు పట్టకారు జారడమే పెద్ద బెడద.

స్లాబుకి వాడే టీఎంటీ కడ్డీ వద్దు. దాని మీద గీతలు దెబ్బలకు మడతపడి లోపలికి దూరి పగుళ్లలా మిగిలిపోతాయి. ఇక తెల్లగా మెరిసే జీఐ పైపులు, జింకు పూసిన కడ్డీలు కొలిమి దరిదాపులకు కూడా రానీయకండి. జింకు 907 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల్లో చలిజ్వరం వస్తుంది, ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తులకే ప్రమాదం. కొలిమికి గాలి గొట్టం పెట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త, జింకు పూయని నల్ల పైపే వాడండి.

కొలిమి, దాగలి

పెరడు ఉండాలి, లేదా నాలుగు వైపులా గాలి ఆడే షెడ్డు. బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, కాబట్టి గదిలో, బాల్కనీలో ఈ పని పెట్టుకోవద్దు. పాత లారీ బ్రేక్ డ్రమ్ముకి లోపల బంకమట్టి మెత్తి, బాగా ఆరనిచ్చి, అడుగు నుంచి గొట్టం పెట్టి చేత్తో తిప్పే బ్లోయరు తగిలిస్తే కొలిమి అయిపోయినట్టే. డ్రమ్ము దొరక్కపోతే నేలలో చిన్న గుంట తవ్వినా సరిపోతుంది, మన ఊళ్లలో కొలిమి నేల మట్టానికే ఉండేది. ఏటి రాళ్లు, కాంక్రీటు ముక్కలు మాత్రం చుట్టూ పేర్చకండి, లోపలి తేమ వేడికి ఆవిరై రాయి పేలి ముక్కలు ఎగురుతాయి. కట్టె బొగ్గు చాలు, ముక్కలు నిమ్మకాయంత ఉంటే గాలి బాగా ఆడుతుంది.

దాగలి, అంటే వేడి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె, దాని విషయంలో ఒక హెచ్చరిక. విదేశీ వీడియోలన్నీ రైలు పట్టా ముక్క తెచ్చుకోమంటాయి. మన దగ్గర రైల్వే ప్రాపర్టీ చట్టం (1966) ప్రకారం, దొంగిలించిందనో అక్రమంగా వచ్చిందనో అనుమానం ఉన్న రైల్వే సామాను మన దగ్గర కనబడితే అది న్యాయంగానే వచ్చిందని మనమే రుజువు చేసుకోవాలి. పాత ఇనుప కొట్టు నుంచి బిల్లు లేకుండా పట్టా తెచ్చుకుని ఆ టెన్షన్ పడటం ఎందుకు? అదే కొట్టులో గట్టి ఉక్కు దిమ్మె వెతకండి. 15 సెంటీమీటర్ల ఘనం దొరికితే దాదాపు 26 కిలోలు ఉంటుంది, ఈ పనికి భేషుగ్గా సరిపోతుంది. దాన్ని తుమ్మ మొద్దు మీద కదలకుండా బిగించి, మీరు నిలబడి పిడికిలి కిందికి వేలాడదీస్తే వేళ్ల కణుపులు తగిలేంత ఎత్తులో పెట్టుకోండి. తక్కువైతే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

ఇవి కాక కిలో సుత్తి, ఇనుప తీగల బ్రష్, ఒక పెద్ద వైస్, సర్దుకునే రెంచి, పట్టకారు, బకెట్ నీళ్లు, పక్కన ఇసుక. సుత్తి ముఖం అంచులు పదునుగా ఉంటే ఆకురాయితో గుండ్రంగా రుద్దుకోండి, లేకపోతే ప్రతి దెబ్బకీ ఇనుము మీద నెలవంకలాంటి గాటు పడుతుంది, అది తర్వాత పోదు. నూలు బట్టలు, తోలు బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి. నైలాన్, పాలిస్టర్ నిప్పురవ్వకు కరిగి ఒంటికి అంటుకుంటాయి. ఎర్రగా ఉన్న ఇనుముతో ఎవరూ కాల్చుకోరు, నల్లబడి చల్లారినట్టు కనబడే ఇనుమే చెయ్యి కాలుస్తుంది. కింద ఉన్న ఏ ముక్కనైనా తీసే ముందు అరచేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి సెగ చూడండి. కాలితే 20 నిమిషాలు పంపు నీళ్ల కింద పెట్టాలి. పేస్టు, సిరా, పసుపు ఏమీ వద్దు.

కొట్టడం

కడ్డీ కొసను నిప్పుల పైన కాకుండా నిప్పుల మధ్యలో పెట్టి, నెమ్మదిగా గాలి కొట్టండి. రంగే మన థర్మామీటరు. ముదురు ఎరుపు సుమారు 700 డిగ్రీలు, ఆ దశలో కొడితే ఇనుము కదలదు, చెయ్యే నొప్పెడుతుంది. నారింజ రంగు, అంటే 950 నుంచి 1050 దాకా, మనకు కావాల్సింది. ఇంకా పైకి పోయి తెల్లబడి కాకరపువ్వొత్తిలా రవ్వలు ఎగిరాయంటే ఇనుమే మండుతోంది, ఆ కొస ఇక పనికిరాదు, కోసేయాలి. ఎండలో రంగు సరిగా కనబడదు, మధ్యాహ్నం ఎండలో పని చేసి నేను రెండు కడ్డీలు అలాగే కాల్చుకున్నాను. నీడ చూసుకోండి, సాయంత్రమైతే ఇంకా మంచిది.

బయటికి తీయగానే మొదటి పని బ్రష్‌తో గబగబా రెండు రుద్దులు. వేడి ఇనుము మీద గాలి తగిలి బూడిదరంగు పొలుసు కడుతుంది, దాన్ని తీయకుండా కొడితే అది ఇనుములోకి దిగబడి గుంతలు మిగులుతాయి.

ఇప్పుడు మొన. చివరి 6 సెంటీమీటర్లు తీసుకుని, ఒక ముఖం మీద నాలుగైదు దెబ్బలు, కడ్డీని పావు వంతు తిప్పి పక్క ముఖం మీద అన్నే దెబ్బలు, మళ్లీ మొదటి ముఖం. ఎప్పుడూ నాలుగు పలకలుగానే సాగగొట్టండి. గుండ్రటి మొన కావాలన్నా ముందు చదరంగా సాగదీసి, తర్వాత మూలలు కొట్టి ఎనిమిది పలకలు చేసి, ఆ తర్వాతే గుండ్రం చేయాలి. మొదట్నుంచీ గుండ్రంగా తిప్పుతూ కొడితే లోపల చీలిక వచ్చి చివర గొట్టంలా తెరుచుకుంటుంది. ఇది నాకు మా అమ్మ వాళ్ల ఊళ్లో కమ్మరి పని చేసే పెద్దాయన చూపించారు. "పలక తప్పితే ప్రాణం తప్పినట్టేరా అబ్బాయ్" అన్నారు, నా కడ్డీ చీలిక చూసి. కొస 4 మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ 6 సెంటీమీటర్లు దాదాపు రెట్టింపు పొడవవుతాయి. కొత్తలో దీనికే ఆరేడు సార్లు కాచాల్సి వస్తుంది, కంగారు పడకండి. రంగు ముదురు ఎరుపుకి దిగగానే ఆపి మళ్లీ నిప్పుల్లో పెట్టండి, ఇంకో రెండు దెబ్బలేద్దాం అనే ఆశే సన్నటి కొసను విరగ్గొడుతుంది.

మొన వచ్చాక చివరి 2 సెంటీమీటర్లు కాచి, దాగలి అంచు దాటించి పెట్టి చిన్నగా కిందికి తట్టండి, కాస్త వంగాక తిరగేసి మీ వైపుకి తట్టుకుంటూ వస్తే చిన్న చుట్ట అవుతుంది. దీనివల్ల అందమే కాదు, తగిలించిన బట్ట చిరగదు. తర్వాత సాగిన భాగమంతా కాచి, చుట్ట తిరిగిన దిక్కుకి ఎదురు దిక్కులో కొక్కెం వంచాలి. దాగలికి గుండ్రటి మొనలాంటి కొమ్ము లేకపోతే 40 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ ముక్కను వైస్‌లో బిగించి దాని మీద వంచుకోండి. ముందు చుట్టను నీళ్లలో ఒక్క క్షణం ముంచి చల్లార్చండి, లేకపోతే వంచే దెబ్బలకు చుట్ట నలిగిపోతుంది.

మెలి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. కొక్కెం వెనకున్న తిన్నని భాగంలో 5 సెంటీమీటర్లు సమానంగా నారింజ రంగు వచ్చేలా కాచాలి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడి ఉంటే మెలి కూడా అలాగే ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా వస్తుంది. రెంచి సైజు ముందే సరిచేసి ఉంచుకోండి. వైస్‌లో బిగించి, ఆగకుండా రెండు చుట్లు తిప్పేయండి. పది సెకన్లలో అయిపోవాలి. కడ్డీ వంకరపోతే కర్ర మొద్దు మీద పెట్టి కర్ర సుత్తితో తట్టి సరిచేయండి, ఇనుప సుత్తి తగిలితే అంత కష్టపడి తిప్పిన మెలి అంచులన్నీ అణిగిపోతాయి.

మెలి అయ్యాక ఇంకో 4 సెంటీమీటర్లు వదిలి కోసేయండి. ఇప్పుడు మాత్రం పట్టకారు తప్పదు. కోసిన కొసను కాచి 4 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా చదును చేసి, గాలికే చల్లారనివ్వండి. ఆరాక 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రెండు చిల్లులు వేసి, స్క్రూ తల లోపలికి కూర్చునేలా చిల్లి అంచు తీయండి. చిల్లులు, ఆకురాయి పనులన్నీ ఇప్పుడే అయిపోవాలి, పూత పట్టించాక మళ్లీ గీకితే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

తుప్పు పట్టకుండా చేయడం

నా మొదటి కొక్కెం తప్పు ఇదిగో: నల్లటి పొలుసు చూడ్డానికి బాగుందని దాని మీదే నూనె పూసి గోడకు కొట్టేశాను. పొలుసులో కంటికి కనబడని పగుళ్లు ఉంటాయి. ఉప్పు గాలి, తేమ ఆ పగుళ్లలోంచి దూరి కిందనున్న ఇనుమును తినేశాయి, కొన్నాళ్లకు పొలుసు పెచ్చులుగా ఊడింది. హైదరాబాద్ లాంటి పొడి గాలిలో, ఇంటి లోపల అయితే గట్టిగా పట్టుకున్న పొలుసు ఉంచేసినా ఫరవాలేదు. తీరం ఊళ్లలో మొత్తం తీసేయడమే మంచిది.

ప్లాస్టిక్ డబ్బాలో కొక్కెం మునిగేంత తెల్ల వెనిగర్ పోసి ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి పొలుసు నల్లటి బురదలా వదులవుతుంది, బ్రష్‌తో రుద్దితే కింద బూడిదరంగు శుభ్రమైన ఇనుము కనబడుతుంది. మెలి గాడుల్లో పాత టూత్‌బ్రష్ బాగా పనిచేస్తుంది. వదలకపోతే ఇంకో పూట ఉంచండి. త్వరగా అవుతుందని బాత్రూం యాసిడ్ మాత్రం వాడకండి, దాని పొగ ఆ షెడ్డులో ఉన్న సుత్తులు, డ్రిల్లు బిట్లు, వైస్ అన్నిటికీ తుప్పు పట్టిస్తుంది, మీ ఊపిరితిత్తుల మాట సరేసరి. వెనిగర్ నుంచి తీశాక లీటరు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి అందులో ముంచండి, పులుపు మిగలకూడదు. తర్వాత వేడి నీళ్లతో కడిగి వెంటనే గుడ్డతో తుడవండి. ఈ దశలో ఫోన్ వస్తే ఎత్తకండి, నిజంగానే చెబుతున్నా, తడి ఇనుము పది నిమిషాల్లో లేత నారింజ రంగుకు తిరిగిపోతుంది.

మైనం ముందే తయారుగా ఉండాలి. తేనె మైనం 50 గ్రాములు, పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, 50 గ్రాములు, టర్పెంటైన్ 50 గ్రాములు. మైనాన్ని, నూనెను ఒక డబ్బాలో వేసి ఆ డబ్బాను వేడి నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. మైనం 62-64 డిగ్రీలకే కరుగుతుంది, నేరుగా మంట మీద పెట్టాల్సిన అవసరమే లేదు. పొయ్యి ఆర్పేసి, డబ్బాను బయటికి తెచ్చాకే టర్పెంటైన్ కలపండి, దాని ఆవిరి అంటుకుంటుంది. చల్లారితే మెత్తటి పేస్టు అవుతుంది, మూత పెడితే నెలల తరబడి ఉంటుంది.

ఇప్పుడు కొక్కేన్ని మళ్లీ వేడి చేయాలి, ఈసారి ఎరుపు రాకూడదు, 150 డిగ్రీల చుట్టుపక్కల చాలు. నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఆవిరైపోవాలి. గుడ్డతో మైనం రాయండి. కరిగి, కొద్దిగా పొగ వచ్చి, ఇనుములోకి ఇంకినట్టు నల్లబడితే వేడి సరిగ్గా ఉంది. తెల్లగా అలాగే ఉండిపోతే చల్లగా ఉన్నట్టు, దట్టంగా పొగలు కక్కితే ఎక్కువైనట్టు, మైనం కాలిపోతోంది, కాసేపు ఆగండి. అంతా పట్టాక పొడి గుడ్డతో గట్టిగా తుడిచేయండి, మిగిలితే దుమ్ము అంటుకుంటుంది. పూర్తిగా చల్లారాక ఇంకోసారి ఇలాగే చేయండి.

నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయొద్దు. అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. ఇళ్లు కాలిన సందర్భాలున్నాయి. తీగ మీద పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి.

గరిటె, అట్లకాడ లాంటి వంటింటి వస్తువులకు ఈ మైనం వద్దు, బాయిల్డ్ నూనెలో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు. వాటికి ఇంట్లో దోస పెనానికి చేసినట్టే, వంట నూనె చాలా పల్చగా రాసి కాల్చడం, చల్లార్చడం, మళ్లీ రాయడం. నాలుగైదు సార్లకు నల్లగా నిగనిగలాడుతుంది. గేటు గొళ్లెం, బయట పూలకుండీ కొక్కెం లాంటివి వానలో తడుస్తాయి, వాటికి మైనం ఆగదు. రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒకసారి, దాని మీద ఎనామెల్ రెండుసార్లు వేయండి.

కొక్కేన్ని గోడకు బిగించేటప్పుడు ప్లాస్టిక్ ప్లగ్గు వేసి, స్క్రూ తలలకు కూడా కాస్త మైనం రాయండి, నా గోడ మీద ఎర్ర చారలు సగం ఆ స్క్రూల నుంచి వచ్చినవే. ఏటా మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదట్లో, హెయిర్ డ్రయ్యరుతో వెచ్చచేసి పల్చగా ఇంకో పూత రాస్తే చాలు. నా రెండో కొక్కెం వంటింటి తలుపు పక్కన మూడు వానాకాలాలు చూసింది, మెలి గాడుల్లో ఇంకా చుక్క ఎరుపు కనబడలేదు.