బ్రెయిన్ ట్యూమర్, కీమోకైన్ రిసెప్టర్ల మీద రీసెర్చ్ పేపర్ చేతికొస్తే ఎలా చదవాలి

గ్లియోబ్లాస్టోమా (మెదడులోనే పుట్టి వేగంగా పెరిగే క్యాన్సర్ కణితి) మీద పేపర్లు తిరగేస్తే సీఎక్స్‌సీఆర్4, సీసీఆర్2, సీఎక్స్3సీఆర్1 అంటూ పేర్లు వరసపెట్టి వస్తాయి, రెండో పేజీకే తల తిరుగుతుంది. చాలామంది మొదట్లో ఇచ్చే సారాంశంలో ఆఖరి వాక్యం చదివేసి మూసేస్తారు. అలా చెయ్యకండి. ఫలానా రిసెప్టర్‌ని అడ్డుకుంటే చాలు అన్నట్టు ఆశపెట్టే మాట ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ముందు పేర్ల సంగతి తేల్చుకోండి, పది నిమిషాల పని. కీమోకైన్ అంటే కణాలు బయటికి వదిలే చిన్న ప్రోటీన్, అది ఎటు చిక్కగా ఉంటే అటు వేరే కణాలు పాకుతూ వెళ్తాయి. మనుషుల్లో ఇవి సుమారు 50, కణం మీద ఉండి వాటిని పట్టుకునే రిసెప్టర్లు దాదాపు 20. పేరులో అంకెకి ముందు 'ఎల్' ఉంటే కీమోకైన్, 'ఆర్' ఉంటే రిసెప్టర్. పాత పేపర్లో ఎస్‌డీఎఫ్-1 అని కనిపిస్తే అది సీఎక్స్‌సీఎల్12, సీఎక్స్‌సీఆర్7 అని ఉంటే ఇప్పుడు ఏసీకేఆర్3 అంటున్నదే.

ఇక అసలు ప్రశ్న, పేపర్ చదువుతున్నంతసేపూ అడుగుతూనే ఉండండి: ఈ రిసెప్టర్ ఏ కణం మీద ఉంది? కణితి అంటే అంతా క్యాన్సర్ కణాలే కాదు. గ్లియోబ్లాస్టోమాలో మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, మాక్రోఫేజ్‌లు, మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు ఉంటాయి. కణితి ముక్కని మొత్తంగా నూరి 'సీసీఆర్2 ఎక్కువగా ఉంది' అన్నారనుకోండి, అది ఎక్కువ భాగం సీసీఆర్2 పట్టుకునే కీమోకైన్ సీసీఎల్2 పిలుపుకి రక్తంలోంచి వచ్చిన మోనోసైట్లదే (ఒక రకం తెల్లరక్తకణాలు) కావచ్చు. అప్పుడు దాన్ని అడ్డుకోవడం అంటే కణితికి బయటినుంచి అందే సాయం ఆపడమే తప్ప క్యాన్సర్ కణాన్ని చంపడం కాదు. కణాలని విడివిడిగా చూశారో లేదో పద్ధతుల విభాగంలో వెతకండి.

సీఎక్స్‌సీఆర్4 కథ వేరు, ఇది క్యాన్సర్ కణం మీద కూడా ఉంటుంది. కణితి వేగంగా పెరిగి రక్తం అందక మధ్యలో కొంత భాగం చచ్చిపోతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ చచ్చిన చోటు చుట్టూ బతికున్న కణాలు కంచె కర్రల్లా వరసగా నిలబడి కనిపిస్తాయి. అక్కడ ఆక్సిజన్ తక్కువ, దాంతో హెచ్‌ఐఎఫ్-1 అనే ప్రోటీన్ నిలదొక్కుకుని సీఎక్స్‌సీఆర్4ని పెంచుతుంది. సీఎక్స్‌సీఆర్4 పట్టుకునే కీమోకైన్ సీఎక్స్‌సీఎల్12 రక్తనాళాల గోడల్లో ఉంటుంది కాబట్టి ఆ కణాలు అటు కదిలిపోతాయి. ఈ కణితి మెదడు దాటి బయటికి పాకడం చాలా అరుదు, 'వ్యాప్తి' అంటే ఇక్కడ మెదడు లోపలే నాళాల వెంబడి, తెల్లపదార్థం (నరాల పోగుల కట్టలు) దారుల వెంబడి జొరబడటం. ఆపరేషన్ చేసి తీసేసినా ఎక్కువమందిలో మళ్ళీ వచ్చేది పాత అంచుకి 2 సెంటీమీటర్ల లోపే. రొమ్ము క్యాన్సర్ మెదడుకి చేరడం గురించిన పేపర్ అయితే అది వేరే ప్రశ్న, రెండిటినీ కలపకండి.

తర్వాత ఏం కొలిచారో చూడండి. ఎక్కువమంది వాడేది సన్న రంధ్రాలున్న పొర: పైగదిలో కణాలు, కిందిగదిలో సీఎక్స్‌సీఎల్12 పోసి, కొన్ని గంటల తర్వాత పొర దాటిన కణాలకి రంగు వేసి లెక్కపెడతారు. రెండు గదుల్లోనూ సీఎక్స్‌సీఎల్12 పోసి చూశారా? అప్పుడూ అంతే సంఖ్యలో దాటితే ఆ కణాలు దిక్కు తెలిసి వెళ్ళలేదు, ఊరికే కదలిక పెరిగిందంతే. ఇంకోటి, పరీక్ష రెండు మూడు రోజులు సాగితే దాటినవి ఎక్కువయ్యాయా, దాటాక విభజన చెంది పెరిగాయా అన్నది తేలదు.

ఎందులో చేశారు? ల్యాబ్‌లో పెంచే యూ87 అనే గ్లియోబ్లాస్టోమా కణాలు ఎన్నో పేపర్లలో కనిపిస్తాయి. అందరూ వాడుతున్న యూ87, మొదట రోగి నుంచి తీసిన కణితితో జన్యుపరంగా సరిపోలడం లేదని 2016లో బయటపడింది. పైగా ఎలుక మెదడులో అది గుండ్రటి ముద్దలా పెరుగుతుంది, చుట్టుపక్కలకి పెద్దగా జొరబడదు, అలాంటిదాంతో వ్యాప్తి గురించి తేల్చేస్తే నేను నమ్మను. టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) లేని ఎలుకలు వాడితే రోగనిరోధక వ్యవస్థ గురించి ఆ పేపర్ చెప్పగలిగేది చాలా తక్కువ.

మందుల దగ్గర ఇంకాస్త నిదానంగా చదవండి. ప్లెరిక్సాఫోర్ సీఎక్స్‌సీఆర్4ని అడ్డుకుంటుంది, కానీ 2008లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది ఎముక మజ్జలోని మూలకణాలని రక్తంలోకి రప్పించడానికి. కణితికి వాడటం వెనక ఆలోచన ఇది: రేడియేషన్ వల్ల అక్కడి నాళాలు దెబ్బతింటాయి, ఆక్సిజన్ తగ్గి సీఎక్స్‌సీఎల్12 పెరుగుతుంది, మజ్జనుంచి వచ్చిన కణాలు నాళాలని మళ్ళీ కడతాయి, ఆ రాకని ఆపాలి. ఎలుకల్లో బాగా పనిచేసింది. మనుషుల్లో రేడియేషన్‌తో పాటు ఇచ్చి చూసిన తొలి ట్రయల్‌లో 30 మంది కూడా లేరు, పోల్చడానికి మందు ఇవ్వని గుంపూ లేదు. రేడియేషన్ పడిన చోట కణితి అదుపులో ఉండటం ఆశాజనకంగా కనిపించింది, అంతవరకే అనగలం.

ఇంట్లో మనిషి కోసం చదువుతున్నవాళ్ళకి ఒక మాట, ఎంత టెన్షన్‌లో ఉంటారో తెలుసు. పేపర్ ప్రింట్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళి మూడే అడగండి: ఈ రిసెప్టర్ మీద మనం చేరగలిగే ట్రయల్ ఇప్పుడేదైనా నడుస్తోందా, అది రేడియేషన్‌తో పాటా లేక కణితి తిరగబెట్టాకా, ఇప్పుడు వాడుతున్న టెమోజోలోమైడ్ (కీమో మందు) ఆపాల్సి వస్తుందా.