ఎర్రమచ్చలు ఐదు, అంతకు మించి ఉంటే పాప పొట్టకు స్కానింగ్ చేయించండి

మాది దేవరకొండ. మా పాపకు రెండో నెలలో ఒంటి మీద కందిగింజంత ఎర్రమచ్చలు లేచాయి. దిష్టి తీస్తే పోతాయన్నారు మా అత్తమ్మ. స్నానం చేయిస్తూ లెక్కపెట్టాను: వీపు మీద నాలుగు, తొడ మీద రెండు, చెవి వెనుక ఒకటి. మీరూ ముందు ఆ పని చేయండి. ఐదు, అంతకు మించి ఉంటే పొట్టకు అల్ట్రాసౌండ్ చేయించాలి. మా పాప కాలేయంలో గడ్డలు ఉన్నాయని అలాగే బయటపడింది.

గడ్డ అనగానే నా కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒంటి మీది మచ్చలూ, కాలేయంలోని ఈ గడ్డలూ హెమాంజియోమాలే, అంటే రక్తనాళాలు ముద్దకట్టి పెరిగినవి. క్యాన్సర్ కాదు. కొన్ని నెలలు పెరిగి, తర్వాత మెల్లగా కుంచించుకుపోతాయి. రక్తపరీక్షలో ఏఎఫ్‌పీ (కొన్ని కాలేయ క్యాన్సర్లలో పెరిగే ప్రొటీన్) ఎక్కువగా కనిపించినా వెంటనే హడలిపోకండి. పుట్టిన పిల్లలందరిలోనూ అది ఎక్కువే ఉండి నెలలు గడిచేకొద్దీ దిగుతుంది. పాప వయసుకు ఎంత ఉండాలో డాక్టరునే అడగండి. థైరాయిడ్ పరీక్ష మాత్రం తప్పనిసరి. గడ్డలు ఎక్కువగా ఉంటే ఆ హార్మోన్‌ను పనికిరాకుండా చేస్తాయి. దాన్ని గుర్తించకపోతే పసిబిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

మాకు ప్రొప్రానలాల్ రాశారు. గుండెజబ్బులకు వాడే ఈ మందు ఇలాంటి గడ్డలను తగ్గిస్తుందని 2008లో ఫ్రాన్స్ డాక్టర్లు గమనించారు. మొదలుపెట్టే ముందు గుండె పరీక్ష చేశారు. మోతాదు కిలో బరువును బట్టి ఉంటుంది కాబట్టి వెళ్లినప్పుడల్లా బరువు తూయించండి.

ఇంట్లో ఒక్క నియమం: పాలు ముందు, మందు తర్వాత. ఖాళీ కడుపుతో ఇస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. సూది తీసేసిన సిరంజిలో గీత వరకు మందు తీసుకుని, పాప దవడ లోపలి వైపు కొద్దికొద్దిగా వదిలేదాన్ని. ఒక రాత్రి పాప వాంతి చేసుకుని పాలు ముట్టలేదు. ఆ పూట మందు ఆపి డాక్టరుకు ఫోను చేశాను. అదే సరైన పని. చెమటలు పట్టి, ఒళ్లు చల్లబడి, మగతగా పడి ఉంటే మాత్రం ఫోనుతో సరిపెట్టకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లికూతలు వచ్చినా అంతే. గడ్డ తగ్గిందని మీ అంతట మీరు మందు మానిపించవద్దు.

పాలు తాగుతూ ఆయాసపడినా, పొట్ట ఉబ్బుతున్నా, పాలిపోయినా ఆలస్యం చేయకండి. ఈ గడ్డల్లోకి రక్తం ఎక్కువగా పారి గుండె మీద భారం పడుతుంది.

పొట్ట మీద వాత పెట్టిస్తే కరుగుతుందని, పసరు తాగిస్తే పోతుందని మా వీధిలోనే ఇద్దరు చెప్పారు. దండం పెట్టి చెబుతున్నాను, ఆ రెండూ చేయకండి. నూనె మర్దన చేసేటప్పుడు పొట్టను నొక్కవద్దు.

కాలేయంలో వచ్చే గడ్డలన్నీ హెమాంజియోమాలే కావు. క్యాన్సర్ కాని వేరే రకాలూ ఉంటాయి. మీసెంకైమల్ హమార్టోమా అయితే సాధారణంగా ఆపరేషన్ చేస్తారు. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అయితే చాలాసార్లు స్కానింగులతో కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. పేరు ఏదో కాగితం మీద రాయించుకోండి.

హైదరాబాద్ బస్సెక్కేటప్పుడు పాత స్కానింగులన్నీ తేదీల వరసలో పెట్టుకుని, పాలడబ్బా, మందు సీసా చేతిసంచిలోనే ఉంచుకోండి.