ఇసుకలో కలిసిపోయిన ప్లాస్టిక్‌ని లెక్కపెట్టడం ఎలా

సీసాలు, కవర్లు ఏరేశాక బీచ్ శుభ్రంగానే కనిపిస్తుంది. సరిగ్గా అక్కడే కూర్చుని ఇసుకని వేళ్లతో కదపమని నా క్లాసు పిల్లలకి చెబుతాను. కందిగింజంత తెల్ల గుళికలు, నీలం ముక్కలు, థర్మాకోల్ పూసలు బయటపడతాయి. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవన్నీ మైక్రోప్లాస్టిక్ కిందే లెక్క. ఏరేముందు లెక్కపెట్టాలి. ఏ రకం ఎక్కువుందో తెలిస్తేనే అది ఎక్కణ్ణుంచి వస్తోందని గట్టిగా అడగగలం.

పోటు దిగాక వెళ్లండి. నాచు, పుల్లలు వరసగా పేరుకున్న గీత కనిపిస్తుంది. తేలే సరుకంతా అలలు వదిలేసేది అక్కడే. ఆ గీత వెంబడి సమాన దూరంలో చోట్లు ముందే నిర్ణయించుకోండి. చెత్త ఎక్కువున్న చోటికే మనసు లాగుతుంది, లొంగితే లెక్క చెడుతుంది. జనపనార తాడుతో అర మీటరు చదరం వేసి, పైన కనిపించే ముక్కలు ఏరి విడిగా పెట్టండి. తర్వాత 5 సెంటీమీటర్ల లోతు దాకా ఇసుకని స్టీలు గరిటెతో తీసి బాగా కలపండి. అది 12 లీటర్లు దాటుతుంది, అంతా మోయక్కర్లేదు. ఒక లీటరు గాజు సీసాలో తెచ్చుకుంటే చాలు. మిగతాది అక్కడే పోసేయండి. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట మాత్రం తవ్వొద్దు.

ఇంట్లో లీటరు నీళ్లకి సుమారు 360 గ్రాముల ఉప్పు కరిగించి, ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. ఉప్పులోనూ ప్లాస్టిక్ ఉంటుంది, అందుకే వడకట్టడం తప్పనిసరి. ఇసుకని కొంచెం కొంచెంగా గాజు గిన్నెలో వేసి, మూడింతలు ఉప్పునీళ్లు పోసి కలిపి, స్టీలు మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. ఇసుక అడుక్కి చేరుతుంది. పాలిథీన్, పాలీప్రొపిలీన్, పాలీస్టైరిన్ పైకి తేలతాయి. పైనీళ్లు మెల్లగా ఫిల్టర్ పేపర్ మీద వంచండి. పీవీసీ, నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ ఈ నీళ్లలో కూడా మునిగిపోతాయి. కాబట్టి మీకొచ్చే అంకె అసలు కంటే తక్కువే. నోట్స్‌లో ఆ మాట కూడా రాయండి.

పేపర్ మీద చిక్కే సన్నని ప్లాస్టిక్ దారాల దగ్గర చాలా జాగ్రత్త అవసరం. మన బట్టలే వాటిని రాలుస్తాయి. కాటన్ వేసుకోండి, ఫ్యాన్ ఆపండి. ఇసుక వేయకుండా ఉత్త ఉప్పునీళ్లతో ఇదే పని ఇంకో గిన్నెలో చేయండి. అందులో కనిపించిన దారాలన్నీ ఇంటివే, అసలు లెక్కలోంచి తీసేయాలి. ఈ పని చేయని లెక్కని నేను నమ్మను.

పేపర్ ఆరాక భూతద్దంతో చూడండి. అనుమానం వస్తే ఎర్రగా కాల్చిన సూది పెద్దవాళ్లెవరైనా, కిటికీ తెరిచి, తాకించాలి. ప్లాస్టిక్ కరుగుతుంది లేదా ముడుచుకుంటుంది. చెక్క, నాచు కరగవు.

గుళికలు, విరిగిన ముక్కలు, నురగ (థర్మాకోల్ పూసల్లాంటివి), దారాలు: నాలుగూ వేరుగా రాయండి. గుళికలని ఎవరూ వాడి పారేయలేదు. అవి ప్లాస్టిక్ వస్తువులు చేసే ముడిసరుకు, ఫ్యాక్టరీల్లోనో రవాణాలోనో ఒలికినవి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నౌక తగలబడ్డప్పుడు శ్రీలంక పడమటి తీరాన్ని ముంచెత్తినవి ఇవే. ఇవి ఎక్కువగా దొరికితే బీచ్‌కొచ్చే జనాన్ని తిట్టి లాభం లేదు, సరుకు పంపినవాళ్లనీ మోసినవాళ్లనీ అడగాలి.

తేదీ, పోటు సమయం, చోటు రాసిపెట్టి, వచ్చే నెల అదే గీత మీద మళ్లీ తీయండి.