పంచాయతీ ఓట్ల లెక్కింపు: అభ్యర్థుల తరఫు ఏజెంట్లు ముందే చూసుకోవాల్సినవి

పోలింగ్ రోజు సాయంత్రమే లెక్కింపు. కోనసీమ లంక ఊళ్ళలో అది రాత్రిదాకా సాగొచ్చు, కరెంటు పోవచ్చు. ఎమర్జెన్సీ లైటు ఉందో లేదో ముందే అడగండి. బల్లమీద ఫ్యాను ఆపించండి, ఎగిరిన బ్యాలెట్టుతో గొడవ మొదలవుతుంది.

• నియామక పత్రం, పెన్ను, తెల్ల కాగితాలు దగ్గరుంచుకోండి.

• పెట్టె తెరిచే ముందు సీలు చూడండి. బయటికొచ్చిన బ్యాలెట్ల సంఖ్యను ప్రిసైడింగ్ అధికారి (పోలింగ్ కేంద్రం బాధ్యుడు) ఇచ్చిన లెక్కతో పోల్చండి. సర్పంచ్, వార్డు బ్యాలెట్లు వేరుచేశాకే కట్టలు కట్టాలి.

• ఎక్కువ పేచీ చెల్లని ఓట్ల దగ్గరే. ఇద్దరికి ముద్ర వేసినా, ఎవరికీ వేయకపోయినా, ఓటరు సంతకం పెట్టినా చెల్లదు. మడతలో సిరా అంటుకున్నది మాత్రం వేరు: అంటిన గుర్తు తిరగబడి, పలచగా ఉంటుంది. అసలు ముద్ర ఎవరికో తెలిస్తే ఆ ఓటు వారిదే. తొందరపడి వదులుకోకండి.

• రీకౌంటింగ్ కావాలంటే ఫలితం ప్రకటించక ముందే, కారణాలు రాసి రిటర్నింగ్ అధికారికి (ఫలితం ప్రకటించే అధికారికి) ఇవ్వాలి. ఆమోదించాలో లేదో కారణాలు చూసి ఆయన నిర్ణయిస్తారు. ప్రకటించాక ఎన్నికల తగాదాలు విచారించే ఎన్నికల ట్రిబ్యునలే దారి.

• ఓట్లు సమానమైతే లాటరీ. అప్పుడు బల్ల దగ్గరే ఉండండి.

• ఒకే ఇంటిపేరు వాళ్ళు ఊరినిండా ఉంటారు కాబట్టి గెలుపు ధ్రువపత్రంలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, వార్డు నంబరు అక్కడే సరిచూసుకోండి.