వాటర్‌ప్రూఫ్ అన్న మాట చూసి సముద్రానికి డిటెక్టర్ కొనకండి

తుపాను వెళ్లాక అలలు ఒడ్డును కోసేస్తాయి. ఏళ్లుగా అడుగున పడివున్న ఉంగరాలు, నాణేలు తవ్వితే అందే లోతుకు వస్తాయి. జనం హడావిడిగా మెటల్ డిటెక్టర్లు కొనేదీ, కొన్న వారంలోనే పాడుచేసుకునేదీ ఈ రోజుల్లోనే. సర్క్యూట్ బోర్డు మీద పచ్చగా తుప్పు, బ్యాటరీ గూట్లో తడి ఇసుక ఉన్న ఫొటోలు ఆన్‌లైన్‌లో మళ్లీ వరసగా వస్తున్నాయి. కింద మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమ్మారే!"

టోపీ, నీళ్ల సీసా లాంటి సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాం. నేరుగా అసలు తప్పు దగ్గరికి వద్దాం. వాటర్‌ప్రూఫ్ అని ఉంటే సముద్రానికి పనికొస్తుందనుకోవడమే ఆ తప్పు. నిజానికి అందులో రెండు తప్పులు కలిసి ఉన్నాయి.

మొదటిది, తడవగలిగేది ఏ భాగమో చూసుకోకపోవడం. చాలా మోడళ్లలో కాయిల్, అంటే నేల మీద ఊపే పళ్లెం లాంటి భాగం, ఒక్కటే తడవొచ్చు. గారెట్ ఏస్ 400, మైన్‌ల్యాబ్ వాంక్విష్ ఈ కోవలోవే. కాయిల్‌ని నిశ్చింతగా ముంచొచ్చు గానీ తెర, మీటలు ఉండే కంట్రోల్ బాక్స్ మీద అల పడకూడదు. మీరు మోకాలి లోతులోనే నిలబడొచ్చు, అల అలా నిలబడదు కదా.

రెండోది ఇంకా ఖరీదైన తప్పు. నీళ్లు లోపలికి రాకపోవడం వేరు, ఉప్పునీళ్లలో సరిగా పనిచేయడం వేరు. గారెట్ ఏటీ ప్రో, నోక్టా సింప్లెక్స్ ప్లస్ రెండూ 3 మీటర్ల లోతు దాకా మునుగుతాయి. కానీ మొదటిది 15 కిలోహెర్ట్జ్, రెండోది 12 కిలోహెర్ట్జ్, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ మీదే నడిచేవి. మంచినీటి చెరువులో భేషుగ్గా ఉండే ఇలాంటివి తడి ఉప్పు ఇసుక మీదికి రాగానే ఊరికే మోగడం మొదలుపెడతాయి. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి కాయిల్‌కి అది పలచటి లోహపు రేకులాగే కనబడుతుంది. సన్నటి బంగారం సిగ్నల్ కూడా సరిగ్గా ఆ దగ్గర్లోనే పలుకుతుంది. ఆ గోల భరించలేక డిస్క్రిమినేషన్‌తో, అంటే అక్కర్లేని సిగ్నళ్లను వినబడకుండా చేసే సెట్టింగ్‌తో, ఆ భాగాన్ని కొట్టేశారో, ఏ బంగారం కోసం వెళ్లారో అదీ కొట్టుకుపోతుంది. సెన్సిటివిటీ, అంటే సిగ్నల్‌ని పట్టే చురుకు, దించితే లోతు పోతుంది. ఇసుకలో మాగ్నెటైట్ అనే నల్లటి ఇనుప ఖనిజం కూడా ఉంటే గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల ఇచ్చే సిగ్నల్‌ని తీసేసే సర్దుబాటు) ఆ ఖనిజానికి ఒకచోట, ఉప్పుకు మరోచోట కుదురుతుంది. ఒక్క ఫ్రీక్వెన్సీతో రెండింటినీ ఒకేసారి సరిచేయడం కుదరదు.

ఏది కొనాలి

పొడి ఇసుక దాటి వెళ్లనంటే ఏదైనా ఫర్వాలేదు. తడి ఇసుక మీదా, అలల్లోనూ తిరగాలంటే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో పనిచేసేదే కొనాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. మైన్‌ల్యాబ్ ఎక్స్‌టెర్రా ప్రోలో 5, 8, 10, 15 కిలోహెర్ట్జ్ అని నాలుగు ఉంటాయి, కానీ ఒకసారికి ఒకటే నడుస్తుంది. అంకెలు నాలుగున్నాయని మల్టీ ఫ్రీక్వెన్సీ అనుకుని మోసపోవద్దు. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్, నోక్టా లెజెండ్, ఎక్స్‌పీ డియస్ 2 మాత్రం నిజంగానే పలు ఫ్రీక్వెన్సీలను ఒకేసారి వాడి, ఉప్పు సిగ్నల్‌ని లెక్కగట్టి తీసేస్తాయి.

లోతుల లెక్క చూస్తే ఈక్వినాక్స్ 600, 800లకు 3 మీటర్లు, 700, 900లకు 5 మీటర్లు, డియస్ 2కు 20 మీటర్లు. 3 మీటర్లు అని రాసి ఉంటే నడుం లోతులో నడవడానికే అనుకోండి, మునకలు వేయడానికి కాదు.

గారెట్ సీ హంటర్ మార్క్ 2 లాంటి పల్స్ ఇండక్షన్ యంత్రాలు (కాయిల్‌లో కరెంటును విడివిడి తునకలుగా పంపేవి) ఉప్పుకూ నల్ల ఇసుకకూ పెద్దగా బెదరవు, లోతు కూడా బాగా అందుకుంటాయి. కానీ ఇనుమును నమ్మకంగా వేరుచేసి చెప్పలేవు. చెత్త ఎక్కువున్న ఒడ్డున మేకులు తవ్వి తవ్వి నడుం విరుగుతుంది. శుభ్రమైన ఒడ్డుకైతే మంచి ఎంపిక.

కొట్లో గాలిలో ఉంగరం ఊపి చూపించే పరీక్షను నమ్మకండి, గాలిలో ఉప్పు ఉండదు. వాడి చూశాక వాపసు తీసుకుంటారో లేదో ముందే అడిగి, అల వచ్చిపోయే గీత దగ్గరికి తీసుకెళ్లండి. కాయిల్‌ని నేలకు 3 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో నిదానంగా పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి. సన్నటి ఉంగరానికి దారం కట్టి 15 సెంటీమీటర్ల లోతున పాతి, కాయిల్ దాని మీదుగా పోనివ్వండి. పొడి ఇసుక నుంచి తడి ఇసుకకూ, అక్కడి నుంచి అల కిందికీ ఊపి వినండి. సెన్సిటివిటీ సగానికి దించినా గోల ఆగకపోతే వెనక్కి ఇచ్చేయండి.

నీళ్లలోకి దిగే ముందు, వచ్చాక

- బ్యాటరీ మూత ఓ-రింగ్ (నీళ్లు రానివ్వని రబ్బరు వలయం) మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీళ్లకు దారే. ప్రతిసారీ తుడవండి. కంపెనీ చెప్పిన గ్రీజే రాయండి.
- ఎండలో కారులో కాలిన డిటెక్టర్‌ని నేరుగా నీళ్లలో ముంచొద్దు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతూ సీలు సందుల్లోంచి నీటిని లాగుతుంది. ముందు నీడలో చల్లారనివ్వండి.
- బ్లూటూత్ సిగ్నల్ నీళ్లలో నిలవదు. తల మునిగే పనైతే తీగ ఉన్న వాటర్‌ప్రూఫ్ హెడ్‌ఫోన్సే. డియస్ 2 కాయిల్‌కీ, తెర ఉండే రిమోట్‌కీ మధ్య నీళ్లలో యాంటెన్నా తీగ కావాలి.
- అలల్లో 15 అంగుళాల కాయిల్ వద్దు. నీరు దాన్ని లాగేస్తుంది, పైగా అది ఉప్పును ఎక్కువ చూస్తుంది. 10, 11 అంగుళాలు చాలు.
- కాయిల్ కవర్ విప్పి కడగండి. లోపల చిక్కిన తడి ఇసుక దొంగ సిగ్నళ్లు ఇస్తుంది.
- కేబుల్ వదులుగా ఊగకూడదు.
- వాటర్‌ప్రూఫ్ సరే, ఉప్పులో పనిచేస్తుందా? అమ్మేవాళ్లను ఈ రెండూ విడివిడిగా అడగండి. జవాబు రాతలో తీసుకోండి.
- గారెట్, మైన్‌ల్యాబ్ పేర్లతో నకిలీలు తిరుగుతున్నాయి. సీరియల్ నంబరు కంపెనీ దగ్గర సరిచూడకుండా డబ్బు కట్టొద్దు.
- సెకండ్‌హ్యాండ్‌లో ఒకసారి విప్పి బిగించిన బాక్సును వాటర్‌ప్రూఫ్ కాదనే అనుకోండి.
- మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బ్యాటరీ మూత తీయండి. తడి పిన్నులకు చార్జర్ తగిలించొద్దు.
- ఉప్పునీరు లోపలికి పోయిందా? ఆన్ చేయొద్దు. "ఒక్కసారి చూద్దాం" అని కూడా చేయొద్దు. బియ్యంలో పెడితే తడి పోవచ్చేమో, ఉప్పు పోదు.
- తడిసిన లిథియం బ్యాటరీని మళ్లీ చార్జ్ చేయొద్దు. తీసి ఆరుబయట, కాలే వస్తువులకు దూరంగా పెట్టండి.
- సముద్రానికి వీపు పెట్టి తవ్వొద్దు.
- నడుస్తూ వెతికేటప్పుడు నడుం లోతు దాటొద్దు. చేతి పట్టీ ఒక్క లాగుడుకు ఊడిరావాలి. ప్రవాహం లోపలికి లాగితే డిటెక్టర్ వదిలేయండి.
- తవ్వకాలకు అనుమతి ఉందో లేదో కనుక్కోకుండా ఒక్క గుంట కూడా తీయొద్దు.
- గుండులాంటి, గొట్టంలాంటి బరువైన ఇనుము తగిలితే పేలని బాంబు కావచ్చు, స్కూప్‌తో (ఇసుక తోడే గరిటెతో) కొట్టి చూడొద్దు. పైకి లాగొద్దు. గుర్తు పెట్టి, దూరం జరిగి, పోలీసులకు ఫోన్ చేయండి.