సెప్టిక్ షాక్‌లో డోబుటమిన్: ఎవరికి మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి

వానాకాలం ముదిరాక తిరుపతి, చిత్తూరు పల్లెల నుంచి జ్వరంతో వచ్చి సెప్టిక్ షాక్‌లోకి (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయి, అవయవాలకు రక్తం చాలని స్థితి) జారిన రోగిలో, నల్లి లాంటి చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్‌ను మరువకూడదు. చంకలోనో గజ్జల్లోనో దాగిన నల్లటి పెచ్చును వెతకాలి, అనుమానం ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలి. ఈ జబ్బు కొందరిలో గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది కనుకనే గుండెకు బలమిచ్చే మందు డోబుటమిన్ సంగతి ఐసీయూ డ్యూటీ డాక్టర్లందరికీ క్షుణ్ణంగా తెలియాలి.

డోబుటమిన్ బీపీని నిలబెట్టే మందు కాదు. అది గుండె ముడుచుకునే బలాన్ని పెంచుతూనే రక్తనాళాలను కొంత సడలిస్తుంది కాబట్టి, ఒంట్లో ద్రవం చాలని రోగికి ఇస్తే బీపీ ఇంకా పడిపోతుంది. అందుకే ముందుగా, సాధారణంగా తొలి 3 గంటల్లో కిలో బరువుకు 30 మి.లీ. చొప్పున సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ ఎక్కించి, రక్తనాళాలను బిగించే నార్ అడ్రినలిన్‌తో మీన్ బీపీని (సగటు రక్తపోటును) 65 mmHgకు చేర్చాలి.

అప్పుడు ఒంటికి రక్తం సరిగా అందుతోందో తెలియడానికి రోగి వేలిని చూడండి. వేలి కొనను గాజు స్లైడుతో తెల్లబడేదాకా 10 సెకన్లు నొక్కి వదిలితే, 3 సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. అది రాకపోయినా, మూత్రం తగ్గిపోయినా, రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) దిగకపోయినా, మానిటర్ మీద 65 కనిపిస్తోందని ఊరుకోకుండా వెంటనే ఎకో (గుండె స్కాన్) చేయించాలి. ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని పంపే గుండె గది) నీరసంగా కొట్టుకుంటుంటేనే డోబుటమిన్ ఇవ్వాలి. గుండె ఖాళీగా ఉండి గట్టిగా ముడుచుకుంటుంటే ఈ మందు కీడే చేస్తుంది.

250 మి.గ్రా. మందును 50 మి.లీ.కి కలిపితే, 60 కిలోల రోగికి నిమిషానికి కిలోకు 2.5 మైక్రోగ్రాముల మోతాదు సిరంజి పంపులో గంటకు 1.8 మి.లీ. అవుతుంది. రోగి బరువును, కలిపిన లెక్కను సిరంజి మీదే రాయించండి. డ్యూటీ మారే వేళ తప్పులు దొర్లేది ఇక్కడే. నార్ అడ్రినలిన్‌ను ఆపకుండా, సీనియర్ పర్యవేక్షణలో మోతాదును మెల్లగా పెంచాలి. పై హద్దు నిమిషానికి కిలోకు 20 మైక్రోగ్రాములు అయినా, అంతదాకా వెళ్లవలసి వస్తే కారణాన్ని మళ్లీ వెతకడమే మేలని నా అభిప్రాయం.

అరగంట నుంచి గంటలోపు అదే వేలిని మళ్లీ నొక్కి చూడండి. మెరుగు లేకపోయినా, గుండె లయ తప్పినా, నాడి మితిమీరి పరుగెత్తినా మందు ఆపేయాలి. ఒంట్లో దాని అర్ధాయుష్షు (మందు సగానికి తగ్గే సమయం) సుమారు 2 నిమిషాలే కాబట్టి ప్రభావం త్వరగానే తగ్గిపోతుంది. పనిచేస్తే, ఎకో చూసుకుంటూ మెల్లమెల్లగా తగ్గించుకురావాలి.